చైన్ తుడిచే ముందు ఇంజిన్ ఆపండి

మొన్న ఆదివారం పొద్దున మా వెనక వీధి కుర్రాడికి కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. బండి రోడ్డెక్కనే లేదు, ఇంటి ముందు సెంటర్ స్టాండ్ మీదే ఉంది. పాత స్ప్లెండర్. వానలు పడేలోపు చైన్ శుభ్రం చేద్దామని కూర్చున్నాడు. కేక విని మేం వెళ్ళేసరికి ఇంజిన్ ఇంకా తిరుగుతూనే ఉంది. చేతిలో ఉండాల్సిన బనీను గుడ్డ వెనక పళ్ళచక్రానికి చుట్టుకుని ఉంది.

బండి స్టార్ట్ చేసి, గేరు వేసి, తిరిగే చైన్‌కు గుడ్డ పట్టాడు. అదే తప్పు. ఇలా వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళలో నేను చూసిన మూడో మనిషి ఇతను.

షెడ్డులో మెకానిక్ అలాగే చేస్తాడు కదా అంటారు. ఆయన చేసినా తప్పే. ఫస్ట్ గేర్‌లో చక్రం మెల్లగా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది, మోసమంతా అక్కడే ఉంది. ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తిప్పకపోయినా, చైన్ సెకనుకు జానెడు పైనే పోతుంది. కింది వరస వెనక్కి నడిచి పెద్ద పళ్ళచక్రంలోకి దూరుతుంది. గుడ్డ పోగు ఒక్కటి లింకుకు తగులుకుంటే చాలు, వదిలేద్దామని అనుకునేలోపే వేలు పళ్ళ మధ్య ఉంటుంది.

ఇంజిన్ ఆపండి. తాళం చెవి జేబులో వేసుకోండి. స్పార్క్ ప్లగ్ క్యాప్ ఊడదీయండి. న్యూట్రల్ చేసి, చైన్ కవర్ కింది ముక్క విప్పి, టైరు పట్టుకుని చక్రాన్ని వెనక్కి తిప్పండి. అలా తిప్పితే కింది వరస పళ్ళచక్రం నుంచి బయటికి వస్తుంది, గుడ్డను లోపలికి లాగదు. తిప్పేదీ తుడిచేదీ మీరే అయి ఉండాలి, పిల్లల్ని తిప్పమనొద్దు. తుడవడానికి గుడ్డ కంటే బ్రష్షు, కిరసనాయిలు మేలు.

పెట్రోలు సంగతి. కార్బొరేటర్ విప్పే ముందు ట్యాంకు కింది పెట్రోలు కాక్ కట్టేయండి. పని ఆరుబయట పెట్టుకోండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేలబారున పాకి వంటింటి పొయ్యి దాకా పోతుంది. దేవుడి దగ్గర దీపం వెలుగుతున్నా అంతే. ప్లగ్ స్పార్కు చూసేటప్పుడు పక్కన పెట్రోలు గిన్నె ఉండకూడదు.

బ్యాటరీ విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్. లేకపోతే ప్లస్ మీదున్న పానా ఫ్రేముకు తగిలి నిప్పులు రాలతాయి.

ఫ్యూజు బదులు తీగ చుట్టొద్దు. వేడి ఇంజిన్ మీద ప్లగ్ విప్పొద్దు, ఇంజిన్ హెడ్‌లో ప్లగ్ బిగించే మరలు పోతాయి. బిగించేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే. బ్రేక్ షూలకు గ్రీజు అంటనివ్వొద్దు. డ్రమ్ములో దుమ్ము నోటితో ఊదొద్దు, పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. చైన్ లాక్ క్లిప్పు మూసిన వైపు చైన్ నడిచే దిక్కుకు ఉండాలి. వెనక చక్రం విప్పి బిగించాక బ్రేకు పడుతోందో లేదో తొక్కి చూడకుండా బండి ఎక్కొద్దు. గదిలో తలుపులు మూసి ఇంజిన్ నడపొద్దు. వేలికి ఉంగరం వద్దు, నడుముకు లుంగీ వద్దు, మెడలో తువ్వాలు వద్దు.

తిరిగే చైన్‌కు నూనె కూడా వేయొద్దు. ఒక్క నిమిషమే కదా అని గేరు వేయొద్దు. ఇంజిన్ ఆపండి.

వేలు తెగితే గాయాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పట్టండి. తెగిన ముక్కను తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి, ఆ కవర్‌ను ఐసు వేసిన నీళ్ళలో పెట్టండి. ఐసు నేరుగా తగలకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయండి. మా కుర్రాడి వేళ్ళు ఐసుగడ్డల్లోనే వేసుకుని పోయారు, అతికించడం కుదరలేదు.