విదేశీ చెస్ రేటింగ్ మన టోర్నీలో సరిపోకపోతే: సమస్య - పరిష్కారం

సమస్య: వేసవి సెలవులకు డాలస్ నుంచి ఒంగోలులో తాతగారింటికి వచ్చిన పిల్లాడికి యూఎస్ చెస్ (అమెరికా సమాఖ్య) రేటింగ్, అంటే ఆట బలం చెప్పే అంకె, 1500. బిలో 1600 టోర్నీలో, అంటే 1600 లోపు రేటింగున్నవాళ్ల పోటీలో, పేరిచ్చారు. ఎంట్రీ బల్ల దగ్గర మాత్రం అన్‌రేటెడ్ (రేటింగ్ లేనివాడు) అని రాసుకున్నారు.

కారణం: రేటింగ్ లెక్కకట్టే ఎలో పద్ధతిని అమెరికా సమాఖ్య 1960లో, అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే 1970లో తీసుకున్నాయి. మూలం ఒకటే అయినా ఆడే జనం వేరు. ఒకే జనంలో ఇద్దరి మధ్య తేడా ఎంతో చెప్పడమే రేటింగ్ పని: 200 ఎక్కువున్నవాడికి నూరు ఆటల్లో సుమారు 76 పాయింట్లు రావాలి. ఆ జనం దాటితే అంకెకు విలువ లేదు. కనీస రేటింగే చూడండి, అమెరికాలో 100, ఫిడేలో 1400.

పరిష్కారం: ముందు ఫిడే రేటింగ్స్ సైటులో పేరు వెతకండి. తికమకంతా ఇక్కడే. మన దగ్గర ఇంటిపేరు పొడి అక్షరమై ముందుంటుంది, అమెరికా కాగితాల్లో పూర్తిగా చివరికి పోతుంది, ఫిడే జాబితాలో మళ్లీ ముందుకొస్తుంది. ఒక్కోసారి ఇంటిపేరు స్థానంలో రెడ్డి, చౌదరి లాంటివి చేరిపోతాయి. అన్ని వరసల్లోనూ వెతికి, పుట్టిన సంవత్సరంతో సరిచూడండి. ఫిడే ఐడీ (ఆటగాడి గుర్తింపు సంఖ్య) దొరికితే అదే వాడాలి. తొందరపడి ఇంకో ఐడీ చేయిస్తే ఆటలు రెండు చోట్లకు చీలిపోతాయి, కలిపించుకోవడం పెద్ద తలనొప్పి. ఐడీ ఉండి రేటింగ్ లేకపోతే ఎంట్రీ వరకు అన్‌రేటెడే, 1500 అని వాదించి లాభం లేదు.

సీడింగ్ (ఆటగాళ్లను బలం వరసలో పెట్టడం) కోసం అంచనా కావాలంటే, అతని ప్రత్యర్థుల్లో రెండు రేటింగులూ ఉన్న పదిమందిని తీసి, తేడాల సగటు కట్టి, అంత సవరించండి. టోర్నీ నడిపే సాఫ్ట్‌వేర్ స్విస్ మేనేజర్‌లో ఆ అంకెను నేషనల్ గడిలోనే వేయాలి. ఇంటర్నేషనల్ గడిలో వేస్తే ఫిడేకి పంపే రిపోర్టే తప్పవుతుంది.

సమస్య: "యూఎస్ రేటింగ్‌లో వంద తీసేస్తే ఫిడే" అన్న పాత లెక్క అసలు కుదరడం లేదు. కొన్నాళ్లుగా ఆడనివాడి ఫిడే రేటింగ్ కూడా పెరిగిపోయింది.

కారణం: 2024 మార్చి 1న ఫిడే 2000 లోపు క్లాసికల్ (ఎక్కువ సమయం ఇచ్చే ఆట) రేటింగులన్నీ ఒకేసారి పెంచింది. 2000కి ఎంత తక్కువుందో అందులో 40 శాతం కలిపారు. అప్పటికి 1350 ఉన్నవాడికి 650 తక్కువ, అందులో 40 శాతం 260, మొత్తం 1610. అంటే ఒక్క ఎత్తు కూడా వేయకుండానే బిలో 1600 నుంచి బయటికొచ్చేశాడు!

పరిష్కారం: ఆ తేదీకి ముందటి సర్టిఫికెట్ మీది అంకె 2000 లోపైతే, దాన్ని 0.6తో గుణించి 800 కలపండి. వెనక్కి రావాలంటే 800 తీసి 0.6తో భాగించండి. ఇది ఆ ఒక్క రోజు మార్పుకే, ఆ తర్వాత తొలి రేటింగ్ తెచ్చుకున్నవాళ్లకు వాడకూడదు. ఎంట్రీకి మాత్రం టోర్నీ ప్రకటనలో ఏ నెల జాబితా అన్నారో అదే లెక్క. జాబితా ప్రతి నెలా ఒకటో తేదీన మారుతుంది.

సమస్య: చెన్నై వెళ్లి తొలి రేటెడ్ టోర్నీ ఆడిన పాపకు ఇంట్లో లెక్క కడితే 1351 వచ్చింది. 1400 లోపు గనక రేటింగ్ రాదనుకుంటే, జాబితాలో 1484 పడింది.

కారణం: సగటు 1500 ఉన్న ఐదుగురిపై ఒకటిన్నర పాయింటు అంటే 30 శాతం. శాతాన్ని రేటింగ్ తేడాగా మార్చే ఫిడే పట్టిక ప్రకారం 149 తగ్గించి 1351 అన్నారు. ఇప్పటి నిబంధనలో 1800 రేటింగున్న ఇద్దరితో డ్రా చేసినట్టు ఊహించి కలుపుతారు.

పరిష్కారం: ఐదు 1500లు, రెండు 1800లు కలిపి ఏడుతో భాగిస్తే 1586. పాయింట్లు ఏడింటికి రెండున్నర, 36 శాతం. దానికి తగ్గేది 102. మిగిలింది 1484.

సమస్య: లండన్ నుంచి వచ్చినాయన తన గ్రేడు 158 అంటాడు.

అది 2020కి ముందటి ఇంగ్లండ్ గ్రేడు, అంటే అప్పటి వాళ్ల రేటింగ్. గుణకార సూత్రాలు రెండు తిరుగుతుంటాయి. ఎనిమిదితో గుణించి 600 కలిపితే 1864, ఏడున్నరతో గుణించి 700 కలిపితే 1885. గ్రేడు 200 దగ్గర రెండూ 2200కే వస్తాయి, కిందికి పోయేకొద్దీ ఎడం పెరుగుతుంది. 2020లో నాలుగంకెలకు మారేటప్పుడు ఇంగ్లండ్ సమాఖ్య వాడింది రెండోది. అలా వచ్చేదీ ఇంగ్లండ్ రేటింగే, ఫిడేది కాదు. గ్రేడు వెనక అక్షరం ఉంటే అది ఎన్ని ఆటలు ఆడాడో చెప్పే గుర్తు, లెక్కలోకి తేకండి.

జర్మనీ పాత రేటింగ్ ఇంగో అంకె అయితే తలకిందులు, చిన్నదే గొప్ప. ఎనిమిదితో గుణించి 2840లోంచి తీసేస్తే వాళ్ల ఇప్పటి రేటింగ్ డీడబ్ల్యూజెడ్ వస్తుంది: ఇంగో 120 అంటే 1880.

ఇక ఫోన్‌లో ఆడి తెచ్చుకున్న 1700కి సూత్రం అడగొద్దు. ఆన్‌లైన్ చెస్ సైట్లలో లీచెస్ అందరినీ 1500 దగ్గర మొదలుపెడుతుంది, చెస్.కామ్ దారి వేరు. ఎంట్రీ ఫారంలో రేటింగ్ గడిలో ఆ అంకె వేయొద్దు.