డైకిరీ నీళ్ళలా ఉందా? ఐస్ తడి చూడండి

బరంపురం, పర్లాఖిమిడి వైపు మనవాళ్ళు డైకిరీ అనే రమ్ము డ్రింక్ చేసుకుని నాకు చెప్పే ఫిర్యాదు దాదాపు ఒక్కటే. "అన్నా, అన్నీ కొలిచే పోశాం, అయినా నీళ్ళలా ఉంది" అంటారు. కలిపేముందు కొలిచారు సరే, వడగట్టాక గ్లాసులో ఎంత వచ్చిందో కొలిచారా అని అడిగితే జవాబు ఉండదు. ఆ ఒక్క కొలత చూడకుండానే రమ్ము బ్రాండ్ మార్చేస్తారు, నిమ్మకాయల్ని తిడతారు. ముందు ఆ కొలత చూడండి. సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

నేను చెప్పేది పాత పద్ధతి డైకిరీ గురించి. క్యూబాలో శాంటియాగో దగ్గర ఇనుప గనులున్న డైకిరీ అనే చోటి పేరే దీనికి పెట్టారు. 1898 ప్రాంతంలో అక్కడ పనిచేసిన అమెరికన్ ఇంజనీరు జెన్నింగ్స్ కాక్స్ దీన్ని తయారుచేశాడని చెబుతారు. తెల్ల రమ్ము, నిమ్మరసం, పంచదార, ఐస్, అంతే. మిక్సీలో ఐస్‌తో కలిపి తిప్పే రకం హవానాలోని ఎల్ ఫ్లోరిడిటా బార్ పేరుతో ప్రసిద్ధమైంది. దాని లెక్క వేరు, ఇక్కడ కలపొద్దు.

ఒక గ్లాసుకి నా కొలత ఇది: 60 మి.లీ. రమ్ము, అంటే క్వార్టర్ సీసాలో మూడో వంతు. 20 మి.లీ. నిమ్మరసం. గోపురం లేకుండా మూడు చిన్న చెంచాల పంచదార, సుమారు 12 గ్రాములు. అన్నీ కలిస్తే 85 నుంచి 90 మి.లీ. ఉంటుంది. షేకర్‌లో, అంటే డ్రింక్ ఊపే మూత డబ్బాలో, ఐస్ వేసి బాగా ఊపి వడగడితే 130, 135 మి.లీ. దగ్గర ఆగాలి. కొలవడానికి దగ్గు మందు సీసాతో వచ్చే మూత చాలు.

చల్లగానే ఉంది, కానీ పల్చగా ఉంది

వడగట్టాక 150 దాటితే కారణం ఐస్ మీది తడి. చాలామందికి ఇది తట్టదు. నన్నూ చాలాకాలం తిప్పలు పెట్టింది ఇదే. ఎందుకు తట్టదంటే, డ్రింక్ చల్లగానే ఉంటుంది. చల్లగా ఉంటే ఐస్ తన పని చేసినట్టే కదా అనుకుని అందరూ మిగతా వాటి మీద పడతారు.

ఐస్ చల్లబరిచేది ప్రధానంగా కరగడం వల్లే. ఒక గ్రాము ఐస్ కరగాలంటే దాదాపు 80 కేలరీల వేడి కావాలి, ఆ వేడిని అది రమ్ము నుంచి లాక్కుంటుంది. కాబట్టి ఊపేటప్పుడు కొంత నీళ్ళు కలవడం తప్పు కాదు, అలా కలవాలి కూడా. తప్పు ఎక్కడంటే, షేకర్‌లో పడకముందే కరిగి ముక్కలకి అంటుకున్న నీళ్ళలో. ఆ ఐస్ తన చలవని గదిలోని గాలికి ఇచ్చేసింది. మీ గ్లాసుకి దాని నుంచి వచ్చేది ఉత్త నీళ్ళే.

సముద్రం దగ్గర ఈ బాధ మరీ ఎక్కువ. గోపాలపూర్, ఛత్రపూర్, బరంపురంలో వేసవి గాలి తేమతో బరువుగా ఉంటుంది. ఆ తేమ చల్లటి ఐస్ మీద నీరుగా పట్టుకుంటుంది, పట్టుకుంటూ వేడిని కూడా ఇస్తుంది. పైన ఫ్యాన్ తిరుగుతుంటే ఇంకా త్వరగా కరుగుతుంది. అందుకే డిసెంబరులో కోరాపుట్ కొండ మీద చక్కగా కుదిరిన చెయ్యి మే నెలలో బరంపురంలో కుదరదు. కొలతలు అవే, చెయ్యీ అదే, ఐస్ మాత్రం వేరే.

మనవాళ్ళు చేసే క్రమం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ముందుగా ఐస్ గిన్నెలోకి తీస్తారు, టేబుల్ మీద పెడతారు. తర్వాత నిమ్మకాయలు కోస్తారు, గింజలు ఏరుతారు, పంచదార డబ్బా వెతుకుతారు, ఎవరో వస్తే మాట్లాడతారు. ఈలోగా గిన్నె అడుగున నీళ్ళు చేరతాయి. ఆ నీళ్ళతో సహా ఐస్ షేకర్‌లో బోర్లిస్తారు.

అనుమానం ఉంటే ఇలా చూడండి. వేయబోయే ఐస్‌ని టీ జాలిలో వేసి గ్లాసు మీద నాలుగుసార్లు గట్టిగా దులపండి. కింద పడిన నీళ్ళని ఆ దగ్గు మందు మూతతో కొలవండి. దులపకపోతే డైకిరీలో కలిసేవి ఆ నీళ్ళే.

పరిష్కారం క్రమం మార్చడమే. నిమ్మరసం, పంచదార, రమ్ము అన్నీ షేకర్‌లో సిద్ధంగా ఉన్నాకే ఫ్రీజర్ తలుపు తియ్యండి. ఐస్ జాలిలో దులిపి వెంటనే వేసి, పన్నెండు నుంచి పదిహేను సెకన్లు గట్టిగా ఊపి, వెంటనే వడగట్టండి. ఊపాక షేకర్‌లో వదిలేసి కబుర్లు చెప్పుకుంటే మళ్ళీ మొదటికే వస్తుంది. షేకర్ లేకపోతే మూత బిగుతుగా పట్టే స్టీలు వాటర్ బాటిల్ బాగా పనిచేస్తుంది, మూతి మాత్రం వెడల్పుగా ఉండాలి.

ముక్క ఎంత చిన్నదైతే మొత్తం మీద అంత ఎక్కువ తడి పడుతుంది. ఫ్రిజ్‌తో వచ్చే చిన్న ట్రే బదులు చిన్న స్టీలు గిన్నెల్లో నీళ్ళు గడ్డకట్టించండి. కరెంటు పోయి వచ్చాక ట్రేలో ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే ఆ ఐస్ ఒకసారి కరిగిందని అర్థం. దాన్ని పగలగొట్టి వాడకుండా పారబోసి కొత్తది పెట్టండి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఫ్రీజర్ అర గోడలకి మంచు మందంగా పేరుకుంటే లోపల చల్లదనం తగ్గుతుంది. డీఫ్రాస్ట్ చెయ్యకుండా ఐస్‌ని తిట్టి లాభం లేదు.

ఇంకో మాట. పల్చగా ఉందని రమ్ము మరో పెగ్గు పోసి సరిచేసే అలవాటు మానండి. రుచి కుదరదు, తాగేవాడికి మాత్రం ఎంత ఎక్కిందో తెలియదు. మన సీసాల్లో 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. 60 మి.లీ. అంటేనే రెండు చిన్న పెగ్గులు.

మొదటి గుక్క పులుపు, చివరి గుక్క పానకం

పంచదార కరగలేదు. మన దగ్గర దొరికే పంచదార పలుకు పెద్దది, పైగా ఆల్కహాల్‌లో అది సరిగా కరగదు. ముందు నిమ్మరసంలో వేసి పలుకు తగలనంతవరకు కలిపి, ఆ తర్వాతే రమ్ము పోయాలి. తొందరగా ఉంటే పంచదారని మిక్సీలో పొడి కొట్టుకోండి. కరిగాక కూడా పులుపు ఎక్కువైతే అది కాయ తేడా, అర చెంచా పెంచితే సరి.

చేదు

నిమ్మచెక్కని తొక్క నలిగేదాకా పిండారు, లేదా గింజలు నలిగాయి, లేదా పొద్దున పిండిన రసం సాయంత్రం వాడారు. మెత్తగా పిండండి, అప్పటికప్పుడు పిండండి. మన చిన్న నిమ్మకాయ కరీబియన్ దీవుల్లో పండే నిమ్మ జాతిదే. దీనికోసం మాల్‌లో పెద్ద లైమ్ కొనక్కర్లేదు.

ఏదో వాసన

ఫ్రీజర్‌లో ఎండు చేపలో, రొయ్యలో ఉన్నాయి. ఐస్‌కి వాసన పట్టింది. ఒక ముక్క నోట్లో వేసుకుంటే తెలిసిపోతుంది. మూత ఉన్న డబ్బాలో ఐస్ పెట్టండి. చేపల మార్కెట్లో దొరికే ఐస్ గడ్డ మాత్రం ఎంత విందుకైనా వాడొద్దు, అది తాగే నీటితో చేసిందని నమ్మకం లేదు.

మిగతావి

ముదురు రమ్ము పోస్తే రుచి మారుతుంది, అది లోపం కాదు, వేరే డ్రింక్. గ్లాసుకి సబ్బు వాసన ఉంటే మళ్ళీ కడగండి. నీళ్ళ ఉప్పదనం, గ్లాసు ఆకారం లాంటివి నేను లెక్కలోకి తీసుకోను. కొనేటప్పటికే సీలు తెగిన సీసాకి, లైసెన్సు లేని చోట కొన్న సీసాకి మాత్రం పరిష్కారం లేదు. వాసన చూడటానికి కూడా గ్లాసులో పోయకండి.