స్వరతంత్రులపై మచ్చను కోత లేకుండా కాంతితో గుర్తించే విధానం

నెలల తరబడి బొంగురు తగ్గని రోగిలో, ముఖ్యంగా స్వరపేటికకు శస్త్రచికిత్స జరిగినవారిలోనూ చాలాకాలం శ్వాసగొట్టంతో ఉన్నవారిలోనూ, స్వరతంత్రులపై మచ్చ ఏర్పడి ఉండవచ్చునని అనుమానించాలి. మామూలు వెలుతురులో ఆ తంత్రులు తెల్లగా, నున్నగా, ఏ లోపమూ లేనట్టే కనిపించవచ్చు. పైపొర కింద ఉండే మెత్తని పొరలో కొల్లాజెన్ అనే గట్టి ప్రొటీన్ పోగులు పేరుకుని, పైపొర జారాడే వీలు లేకుండా చేయడమే అసలు సమస్య. అందువల్ల కదలికను చూడనిదే నిర్ణయానికి రాకూడదు.

మొదట స్ట్రోబోస్కోపీ చేయాలి. రోగి నాలుకను గాజ్‌గుడ్డతో పట్టుకుని, అద్దానికి ఆవిరి పట్టకుండా కాస్త వేడిచేసిన, 70 డిగ్రీల కోణంలో చూపించే ఎండోస్కోపును (లోపలి భాగాలను చూసే గొట్టాన్ని) నోట్లో పెట్టి, ‘ఈ’ అని సాగదీసి పలకమనాలి. మగవారిలో సెకనుకు సుమారు 100 నుంచి 125 సార్లు, ఆడవారిలో సుమారు 200 సార్లు కంపించే తంత్రులను, ఆ వేగానికి రవంత తేడాతో వెలిగి ఆరే దీపం నెమ్మదిగా కదులుతున్నట్టు చూపిస్తుంది. అప్పుడు లోపలి అంచు నుంచి బయటికి పాకే అలను గమనించాలి. అది ఒకచోట ఆగిపోయి, దానికి అటూ ఇటూ మాత్రం సాఫీగా సాగుతుంటే, ఆగినచోట పొర బిగుసుకుందని అర్థం. అయితే హెచ్చు శ్రుతిలో పలికినప్పుడు ఆరోగ్యవంతుల్లోనూ అల చిన్నదవుతుంది కనుక, రోగికి అలవాటైన శ్రుతిలో చూసినదానికే విలువ ఇవ్వాలి; తొందరపడి మచ్చ అని రాసేసే ప్రమాదం ఇక్కడే ఎక్కువ.

గొంతు మరీ చెదిరిపోయి, యంత్రానికి శ్రుతి అందకపోతే స్ట్రోబోస్కోపీ పనికిరాదు. అప్పుడు సెకనుకు 4000 ఫ్రేములు తీసే హైస్పీడ్ కెమెరా కావాలి.

పొర కింద తిత్తి ఉన్నా అల ఆగుతుంది. ఈ రెంటినీ వేరుచేయడానికి, కంటి ఆసుపత్రుల్లో రెటీనాకు తీసే ఓసీటీ (ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ) వంటి పరీక్షే తోడ్పడుతుంది. ఇందులో 1300 నానోమీటర్ల ప్రాంతపు పరారుణ కాంతి 1 నుంచి 2 మిల్లీమీటర్ల లోతు వరకు పొరలను అడ్డంగా కోసి చూపినట్టు చూపిస్తుంది. తిత్తి అయితే గోడతో కూడిన సంచిలా కనిపిస్తుంది. మచ్చ ఉన్నచోట పొరల సహజమైన అమరిక చెదిరి ఉంటుంది. కొల్లాజెన్ పోగులు కాంతి ధ్రువణాన్ని, అంటే కాంతి తరంగాలు ఊగే దిశను, మారుస్తాయి కనుక, ధ్రువణాన్ని కూడా కొలిచే ఓసీటీ మచ్చకు మరింత గట్టి ఆధారం ఇస్తుంది. మెలకువగా ఉన్న రోగిలో కదలికల వల్ల బొమ్మ చెదురుతుంది కాబట్టి, మత్తు ఇచ్చినప్పుడు తీసినదే నమ్మకంగా చదవగలం. స్వరపేటికకు ఈ పరీక్ష ఇంకా ఎక్కువగా పరిశోధనల స్థాయిలోనే ఉంది.

కేవలం మచ్చను నిర్ధారించడానికే ముక్క తీయడం (బయాప్సీ) సరికాదు, ఆ కోత మరో మచ్చకు దారితీయవచ్చు. క్యాన్సరు అనుమానం కలిగించే తెల్లని పొర గానీ పుండు గానీ ఉంటే మాత్రం బయాప్సీని వాయిదా వేయకూడదు.