కింది షాపుల నుంచి పైన గోదాం కెమెరాలు చూడాలంటే: రౌటర్ల స్టాటిక్ రూట్ ఎట్ల పెట్టాలె

వరంగల్ చౌరస్తా దిక్కు, హన్మకొండల చానా షాపులల్ల ఇదే లొల్లి. కింద నెట్ కనెక్షన్ ఉన్న మెయిన్ రౌటరు, పై అంతస్తుల గోదాంకి సిగ్నల్ అందుతలేదని ఇంకో రౌటరు, కెమెరాల డీవీఆర్ (రికార్డింగ్ డబ్బా) ఏమో ఆ పై రౌటరుకు తగిలించి ఉంటది. పైన నెట్ మంచిగనే వస్తది గానీ కింద కౌంటర్ కాడి కంప్యూటర్ల కెమెరాలు ఓపెన్ చేస్తే రావు. డీవీఆర్ ఖరాబైందని కొత్తది కొనకుండ్రి, పైసలు దండగ. పైన ఇంకో నెట్‌వర్క్ ఉన్న సంగతి కింది రౌటరుకు తెల్వదు, అంతే.

కాజీపేటల బల్లార్షా పోయే బండికి ఒక లైను, విజయవాడ పోయే బండికి ఇంకో లైను ఇచ్చినట్టే, ఫలానా నెట్‌వర్క్‌కి పోయేది ఫలానా దిక్కు తోలు అని రౌటరుకు మనం చేత్తోని రాసిచ్చుడే స్టాటిక్ రూట్. రాసియ్యకపోతే తెల్వని అడ్రస్ ఏదొచ్చినా ఇంటర్నెట్ దిక్కే పంపుతది, 192.168 తోని మొదలయ్యేటియి ప్రైవేట్ అడ్రస్‌లు కాబట్టి బయట నడవయి.

ముందుగాల రెండు నెట్‌వర్క్‌లు వేరే వేరే ఉన్నయా చూడుండ్రి. కింద 192.168.1.1 ఉంటే పై రౌటరు ల్యాన్ (లోపలి నెట్‌వర్క్) అడ్రస్ 192.168.2.1 పెట్టుండ్రి, రెండూ ఒక్కటే ఉంటే ఏం జేసినా పని కాదు. పై రౌటరు వ్యాన్ (కింది రౌటరుకు కలిసే దిక్కు) అడ్రస్ 192.168.1.2 అని ఫిక్స్ చేయాలె, రేపు అది మారితే రూట్ పోయినట్టే.

ఇగ కింది రౌటర్ల అడ్వాన్స్‌డ్‌లకు పోయి స్టాటిక్ రూటింగ్ తెరువుండ్రి (నెట్ కంపెనీలు ఇచ్చే కొన్ని రౌటర్లల్ల ఈ ఆప్షనే ఉండది). డెస్టినేషన్ 192.168.2.0, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0, గేట్‌వే (ఏ రౌటరు మీదికెళ్లి పోవాలెనో దాని అడ్రస్) 192.168.1.2, ఇంటర్‌ఫేస్ అడిగితే ల్యాన్. డెస్టినేషన్ చివరికి సున్నానే ఉండాలె, డీవీఆర్ అడ్రస్ కొడితే ఈ మాస్క్‌తోని చానా రౌటర్లు తీసుకోవు. గేట్‌వే కాడ 192.168.2.1 కొట్టద్దు, ఆడికి ఎట్ల పోవాలెనో తెల్వకనే గదా ఇదంతా.

పోయే దారి అయింది, అసలు కథ వచ్చే దారిల ఉంటది. పై రౌటర్ల న్యాట్ (లోపలి అడ్రస్‌లు దాచి తన అడ్రస్‌తోని బయటికి పంపుడు) బంద్ చేసి, కింది నుంచి వచ్చేదాన్ని దాని ఫైర్‌వాల్ (రౌటర్ల కాపలా) ఆపకుండ చూడాలె. న్యాట్ తీసినంక పైన నెట్ పోతే మీ మెయిన్ రౌటరు తన సొంత నెట్‌వర్క్‌కే న్యాట్ చేస్తాందన్నట్టు, అప్పుడు న్యాట్ మళ్ల ఆన్ చేసి డీవీఆర్‌కు పోర్ట్ ఫార్వర్డింగ్ (పై రౌటరుకు వచ్చిన కనెక్షన్‌ని డీవీఆర్‌కు మళ్లించుడు) పెట్టుకునుడే నయం.

కింది కంప్యూటర్ నుంచి 192.168.2.1ని పింగ్ (పలుకుతదా అని చూసే కమాండ్) కొట్టుండ్రి, తర్వాత డీవీఆర్‌ని. రౌటరు పలికి డీవీఆర్ పలకకపోతే డీవీఆర్ నెట్‌వర్క్ సెట్టింగ్ చూడుండ్రి, బిగించినోళ్లు ఐపీ పెట్టి గేట్‌వే ఖాళీగ వదిలేస్తరు, అట్లుంటే దానికి జవాబు ఎటు పంపాలెనో తెల్వది. ఆ గేట్‌వే కాడ 192.168.2.1 పెడితే సరిపోతది.

పింగ్ వస్తాంది గానీ కెమెరా పేజీ ఓపెన్ అయితలేదు అంటే, పోయేది మెయిన్ రౌటరు మీదికెళ్లి పోతాంది, జవాబు మాత్రం పై రౌటరు నుంచి సీదా కంప్యూటర్‌కే వస్తాంది, సగం మాటలే ఇన్న మెయిన్ రౌటరు ఫైర్‌వాల్ కనెక్షన్ తెంపేస్తాంది. అప్పుడు విండోస్ల కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గ తెరిచి రూట్ యాడ్ (route add) కమాండ్‌తోని ఇదే రూట్ ఆ కంప్యూటర్లనే రాయుండ్రి, మైనస్ పీ (-p) కలిపితే రీస్టార్ట్ చేసినా పోదు.