ఎన్నికలు కవర్ చేసే స్టూడెంట్ టీమ్‌ని పాఠకులకి ఎలా పరిచయం చేయాలి

"అక్కా, టీమ్ పరిచయాలు రాసేశాం, ఒక్కసారి చూస్తావా?" అని మొన్న మా జర్నలిజం డిపార్ట్‌మెంట్ జూనియర్ ఒకమ్మాయి ఫైల్ పంపింది. సర్పంచ్ ఎన్నికల వార్తలు రాయబోతున్న పదకొండు మంది పరిచయాలవి. ఫొటోలు బాగున్నాయి, అక్షరదోషాలు లేవు. కానీ ఆరుగురి దగ్గర "సమాజంలో మార్పు తేవాలన్నదే ఆశయం" అని ఉంది. మొత్తం చదివాక కూడా వాళ్లలో ఒక్కరి ఊరేంటో నాకు తెలియలేదు. ఆ అమ్మాయికి ఫోన్‌లో చెప్పిన మాటలే కొంచెం వివరంగా ఇక్కడ రాస్తున్నాను. 2023 అసెంబ్లీ ఎన్నికలప్పుడు మా ల్యాబ్ జర్నల్‌కి, అంటే డిపార్ట్‌మెంట్‌లో స్టూడెంట్స్ నడిపే పత్రికకి, ఎడిటర్‌ని నేనే. నేను చేసిన తప్పు కూడా ఇందులో ఉంది.

నోట్‌బుక్ పట్టుకుని ఏ ఊరి చావడి దగ్గరికి వెళ్లినా ముందు "ఏ పేపరు?" అని అడుగుతారు. ఆ వెంటనే "ఏ ఊరు బిడ్డా, ఎవరి పిల్లవు?" అంటారు. అడగడంలో తప్పేం లేదు. చెప్పేవాళ్లెవరో తెలియకుండా ఎన్నికల వార్తని ఎవరూ నమ్మరు. మీ పరిచయం ఈ రెండు ప్రశ్నలకీ జవాబు చెప్పాలి. హాబీలు, ఆశయాలు ఆ తర్వాత చోటుంటే చూసుకోవచ్చు.

అందుకని రాయడానికి ముందు అడగాలి. గ్రూప్‌లో ఫారం పెట్టి నింపమంటే సగం మంది ఏదో ఒకటి నింపేస్తారు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడగండి. ఓటు ఎక్కడుంది? ఇంట్లోగానీ దగ్గరి చుట్టాల్లోగానీ ఎవరైనా పోటీ చేస్తున్నారా? పార్టీ పదవిలో ఉన్నారా, బూత్ ఏజెంట్‌గా కూర్చుంటారా? ఏదైనా విద్యార్థి సంఘంలో ఇప్పుడు ఉన్నావా, ఇంతకుముందు ఉన్నావా? చివరగా ఇంకొకటి, చాలామంది మర్చిపోయేది: ఏ సర్వే ఏజెన్సీకైనా, ఏ పార్టీ సోషల్ మీడియాకైనా డబ్బులు తీసుకుని పని చేశావా? ఎన్నికలొస్తే రోజుకింత అని మాట్లాడుకుని ట్యాబ్ చేతికిచ్చి స్టూడెంట్స్‌ని ఊళ్లకి పంపుతారు. ఫీజుల కోసం, ఖర్చుల కోసం వెళ్తారు, అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. కానీ నిన్న ఒక ఊళ్లో సర్వే చేసినవాళ్లు ఇవాళ అదే ఊరి ఓటర్ల మూడ్ మీద వార్త రాస్తే, ఆ సంగతి చదివేవాళ్లకి తెలియాలి.

ఈ ప్రశ్నలు ఒక్కసారి అడిగి వదిలేయకూడదు. మా తప్పు అక్కడే జరిగింది. 2023లో తెలంగాణకి నోటిఫికేషన్ నవంబరు 3న వచ్చింది. మేం అదే రోజు పరిచయాలు వేశాం. నామినేషన్ల ఉపసంహరణ గడువు నవంబరు 15న ముగిసింది. ఆ సాయంత్రం మా టీమ్‌లో ఒకబ్బాయి నా దగ్గరికొచ్చి, తను కవర్ చేస్తున్న నియోజకవర్గంలో వాళ్ల బాబాయి ఇండిపెండెంట్‌గా బరిలో మిగిలాడని చెప్పాడు. "ఇండిపెండెంటే కదా, ఎన్ని ఓట్లొస్తాయిలే" అన్నాను. పరిచయం మార్చలేదు, ఆ అబ్బాయిని వేరే చోటికీ పంపలేదు. అతను రాసిన ప్రచారం వార్త వచ్చాక అక్కడి పాఠకుడొకరు ఉత్తరం రాశారు: "అభ్యర్థి అన్న కొడుకే ఈ వార్త రాశాడని ఎందుకు చెప్పలేదు?" వార్తలో ఒక్క అక్షరం తప్పు లేదు. బాబాయి ప్రస్తావన కూడా ఒక్క వాక్యమే. అయినా ఆ తర్వాత ఆ నియోజకవర్గం గురించి మేం ఏం రాసినా ముందు ఆ ప్రశ్నే వచ్చింది. నిజం చెప్పిన అబ్బాయి మాట పడ్డాడు, పట్టించుకోని నేను ఎడిటర్ కుర్చీలోనే ఉన్నాను. ఇప్పటికీ అది నన్ను బాధపెడుతుంది.

కాబట్టి నోటిఫికేషన్ రోజు ఒకసారి, ఉపసంహరణ అయ్యి తుది జాబితా వచ్చాక ఇంకోసారి అడగండి. పంచాయతీ ఎన్నికలకి ఇది మరీ ముఖ్యం. సర్పంచ్ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. "నాకు ఏ పార్టీతోనూ సంబంధం లేదు" అని పరిచయంలో రాసుకుంటే అక్కడ ఏమీ తేలదు. ఊళ్లో లెక్కంతా చుట్టరికాల మీద, వాడల మీద, పాత పంచాయితీల మీద నడుస్తుంది. వార్డు సభ్యుడిగా నిలబడ్డ మేనమామ కూడా లెక్కలోకే వస్తాడు.

ఇక రాయడం. 2023లో మా టీమ్‌లో ఉన్న కామారెడ్డి అమ్మాయి పరిచయమే చూపిస్తాను. మొదట తను రాసిచ్చింది ఇది: "చిన్నప్పటి నుంచి జర్నలిజం అంటే ఇష్టం. ప్రజల గొంతుక కావాలన్నది కోరిక. పుస్తకాలు చదవడం, పాటలు వినడం అలవాట్లు."

అప్పుడు కామారెడ్డి మీద రాష్ట్రమంతా కళ్లు పెట్టుకుని ఉంది. ఒకపక్క కేసీఆర్, ఒకపక్క రేవంత్ రెడ్డి పోటీలో ఉన్నారు. చివరికి ఇద్దరినీ ఓడించి బీజేపీ నుంచి కాటిపల్లి వెంకట రమణారెడ్డి గెలిచారు. టీవీల వాళ్లంతా ఆ ఇద్దరు పెద్ద నాయకుల వెంట తిరుగుతుంటే, ఈ అమ్మాయికి అక్కడి మునిసిపాలిటీ మాస్టర్ ప్లాన్ గొడవ మొదటి నుంచీ తెలుసు. పొలాలు ఇండస్ట్రియల్ జోన్‌లోకి పోతున్నాయని 2023 జనవరిలో రైతులు రోడ్డెక్కడం, తర్వాత ఆ ప్లాన్‌ని పక్కన పెట్టడం తను దగ్గర నుంచి చూసింది. అంత తెలిసిన మనిషి తన పరిచయంలో పాటలు వింటానని రాసుకుంది.

విడిగా కూర్చోబెట్టి అడిగితే ఇంకో సంగతి తెలిసింది. వాళ్ల నాన్న ఎకరంన్నర కూడా ఆ ముసాయిదాలో ఉండింది. రెండు రోజులు వాదించుకున్నాం. "అందరికంటే నాకే బాగా తెలిసిన విషయం నేనే రాయకూడదా?" అంది, కళ్లల్లో నీళ్లతో. చివరికి తన దగ్గరున్న కాగితాలు, ఫోన్ నంబర్లు అన్నీ ఇంకొకరికిచ్చింది, ఆ వార్త వాళ్లు రాశారు. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఆమె బాధా న్యాయమైనదే. అచ్చయిన పరిచయం ఇలా ఉంది:

"కామారెడ్డి పక్క ఊరు. ఎంఏ రెండో సంవత్సరం. ఓటు అక్కడే. తెలుగు, ఉర్దూ మాట్లాడుతుంది. కామారెడ్డి ప్రచార సభలు, ఓటర్ల ఇంటర్వ్యూలు రాస్తుంది. వాళ్ల నాన్న పొలం మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో ఉండింది కాబట్టి ఆ విషయం మీద వార్తలు రాయదు."

ఆరు చిన్న వాక్యాలు. ఆఖరి వాక్యం చూసి ఆ ఊరి రైతులే ఆమెకి ఫోన్ చేసి మెచ్చుకున్నారు.

హోదాల గురించి ఎక్కువ చెప్పను. పదకొండు మంది టీమ్‌లో చీఫ్ ఎడిటర్, ఎగ్జిక్యూటివ్ ఎడిటర్, అసోసియేట్ ఎడిటర్ అంటూ ఉంటే చదివేవాళ్లకి ఏమీ అర్థం కాదు. చేసే పని రాయండి. అసెంబ్లీ ఎన్నికలైతే అభ్యర్థులు ఫారం 26లో ఇచ్చే అఫిడవిట్లలో ఆస్తులు, కేసులు చదివేది ఫలానా. కౌంటింగ్ రోజు ఉదయం 8 గంటలకి పోస్టల్ బ్యాలెట్లు మొదలైనప్పటి నుంచి ఆఖరి రౌండ్ దాకా అంకెలు సరిచూసేది ఫలానా. తప్పు దొర్లితే సరిదిద్దేది ఫలానా. ఈ చివరి పేరు మాత్రం అందరికీ కనిపించేలా పైనే పెట్టండి.

మీరు చేయలేనిది కూడా చెప్పండి. పోలింగ్ కేంద్రం లోపలికి వెళ్లాలంటే ఎన్నికల సంఘం ఇచ్చే అనుమతి పత్రం కావాలి. మా దగ్గర అది లేదు. "మేం బయటే ఉండి ఓటర్లతో మాట్లాడతాం, ఎవరికి వేశారని అడగం" అని టీమ్ పేజీలోనే రాసుకున్నాం. పోలింగ్ రోజు మాకు టెన్షన్ తగ్గింది, మమ్మల్ని ఆపిన కానిస్టేబుల్‌కి చూపించడానికీ అదే పనికొచ్చింది.

ఇక రాయకూడనివి. ఎవరికి ఓటేస్తారో రాయొద్దు, అడగనే అడగొద్దు. కులం అడగొద్దు. ఇంటిపేరు చూసి లెక్కలు కట్టేవాళ్లు కడతారు, దానికి మనం చేసేదేం లేదు. ఇంటిపేరు పెట్టుకోవాలో వద్దో ఎవరికి వారికే వదిలేయండి, బైలైన్‌లో, అంటే వార్తతో పాటు వేసే రచయిత పేరులో, ఎలా ఉంటే ఇక్కడా అలాగే. సొంత ఫోన్ నంబర్లు, హాస్టల్ పేరు వద్దే వద్దు, ముఖ్యంగా ఆడపిల్లలవి. ఫలితాలు వచ్చిన రాత్రి మా అమ్మాయిలకి వచ్చిన కాల్స్ నాకు గుర్తున్నాయి. టీమ్ మొత్తానికి ఒక నంబరు, ఒక మెయిల్ చాలు. ఫస్టియర్ పిల్లల్లో పద్దెనిమిది నిండి ఇంకా నమోదు కానివాళ్లుంటే "ఓటు ఇంకా రాలేదు" అని రాయండి. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ పద్దెనిమిది నిండాయా అని చూసే అర్హత తేదీలే, కాబట్టి ఓటరు నమోదుకి ఫారం 6 పెట్టుకోమని పనిలో పనిగా చెప్పండి.

ఫొటోలు మాత్రం ఫోన్లలో ఉన్నవి తీసుకోవద్దు. మేం మొదట అలాగే తీసుకున్నాం. ఒకబ్బాయి ఫొటో పెళ్లిలోది, మెడలో కండువా ఉంది. అది పెళ్లి కండువానే, కానీ ఎన్నికల నెలలో ఆ రంగు చూస్తే ఎవరూ అలా అనుకోరు. ఇంకొకమ్మాయి వెనక సగం ఫ్లెక్సీ, అందులో ఒక నాయకుడి చెయ్యి. అన్నీ పక్కన పడేసి, డిపార్ట్‌మెంట్ కారిడార్‌లో తెల్లగోడ ముందు ఉదయం తొమ్మిదికి అందరినీ నిలబెట్టి ఒకే ఫోన్‌తో తీశాం. పేర్లు అకారాది క్రమంలో పెట్టాం.

పేజీ వేశాక తేదీ వేసుకోండి. మధ్యలో ఎవరైనా మానేసినా, ఒక పార్టీకి కంటెంట్ రాసే పనికి వెళ్లిపోయినా, ఆ పేరు మాయం చేయకండి. "నవంబరు 20 వరకు పనిచేశారు" అని ఉంచండి. వాళ్లు రాసిన వార్తలు అలాగే ఉంటాయి కదా, వాటి పక్కన మనిషి వివరం కూడా ఉండాలి. ఉత్తరం వచ్చాక నేను ఆ బాబాయి సంగతి చేర్చి, ఎప్పుడు చేర్చామో తేదీ కూడా వేశాను. ఉత్తరం రాసిన పాఠకుడికి ఆ పేజీ ప్రింటు తీసి పోస్టులో పంపాను.