మా చిన్న సంస్థకు దాతలు పెరిగిన తీరు

ఒంగోలు దగ్గర మా పల్లెలో సాయంత్రం పూట పిల్లలకు చదువు చెప్పే చిన్న సొసైటీ మాది. లెక్కలు నేను చూస్తాను. పని బాగానే సాగేది గానీ ఊరు దాటితే మా పేరు ఎవరికీ తెలీదు. చందాలన్నీ తెలిసిన నాలుగిళ్ల నుంచే.

ఒక కంపెనీవాళ్లు వచ్చి చూసి మెచ్చుకున్నారు. "సీఎస్ఆర్-1 నంబరు ఉందా?" అనడిగి వెళ్లిపోయారు. చిక్కు అక్కడుంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందికొచ్చే కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి, దాన్నే సీఎస్ఆర్ అంటారు. ఆ డబ్బు అందుకునే సంస్థకు 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 నమోదు తప్పనిసరి. ఆ నమోదు కావాలంటే మాకు ముందు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను మినహాయింపు) కావాల్సొచ్చాయి. ఆడిటర్ గారి వెంటపడి మూడూ వరసగా చేయించాం. విసుగు పుట్టించే పనే.

అసలు కలిసొచ్చింది మాత్రం 80జీ. కార్బన్ పెట్టి రాసే పాత రసీదులో పేరు, మొత్తం తప్ప ఏమీ ఉండేవి కావు. కొత్తదాంట్లో దాత పాన్, మా నమోదు నంబరు, డబ్బు ఎలా వచ్చిందో కూడా రాస్తున్నాం. 2,000 రూపాయలు దాటిన నగదుకు పన్ను మినహాయింపు రాదు కాబట్టి గోడకు క్యూఆర్ కోడ్ అంటించాం. రసీదుతో పాటు ఒక పిల్లాడి నోట్సు పేజీ ఫోటో వాట్సాప్‌లో పంపుతాం (మొహాలు వద్దని మా టీచరమ్మ పట్టుబట్టింది, సబబే). దాతలు ఆ పేజీనే తమ గ్రూపుల్లో పెడుతున్నారు. హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్న మా ఊరివాళ్లూ పంపడం మొదలెట్టారు. పక్క మండలం హెడ్మాస్టరు గారు ఫోన్ చేసి తమ ఊళ్లోనూ పెట్టమన్నారు.

ఆ కంపెనీవాళ్లు మాత్రం ఇంకా తేల్చలేదు.