వేట మొన ఎక్కించగానే బాణం ఎడమకు పోయింది

కొత్త కాంపౌండ్ విల్లు (కప్పీలు ఉండే రకం), తాడు లాగడానికి 70 పౌండ్ల బలం కావాలి. 80 శాతం లెట్ ఆఫ్ (చివరిదాకా లాగాక ఆ భారం తగ్గిపోవడం) ఉంది కాబట్టి పూర్తిగా లాగాక చేతిమీద 14 పౌండ్లే, హాయిగా అనిపించింది. ప్రాక్టీసు మొనలతో 30 గజాల దూరంలో బాణాలన్నీ ఒకేచోట దిగాయి. సంబరపడి వేటకు వాడే బ్లేడ్ల మొన బిగించానో లేదో, అదే బాణం జానెడు ఎడమకు. బరువు రెండిటిదీ 100 గ్రెయిన్లే!

ముందు సైటు (విల్లు మీద గురి చూసే పరికరం) తిప్పాను, అది నా తెలివితక్కువతనం, ఎందుకంటే ఈసారి ప్రాక్టీసు మొనలు కుడికి పోయాయి. అసలు విషయం ఏంటంటే బాణం వంకరగా బయల్దేరుతోంది, మామూలు మొనతో వెనక ఈకలు దాన్ని సర్దేస్తాయి, బ్లేడ్లు మాత్రం ముందునుంచే గాలిని పట్టుకుని ఆ వంకరను పెంచేస్తాయి.

సైటును మళ్లీ పాత గీత మీదకు తెచ్చి, బాణం ఆనే రెస్టును కుడికి జరిపాను, ఒక్కోసారి మిల్లీమీటరు కంటే తక్కువే. మూడోసారికి రెండు రకాలూ పక్కపక్కనే దిగాయి. పిడిని గట్టిగా పిసకడం కూడా మానేశాను, సగం తప్పు దానిదేనని నా అనుమానం.